స్టెంట్ వేయాలన్నారా? ఎప్పుడు పరుగెత్తాలి, ఎప్పుడు ఆగి అడగాలి?

తెల్లవారుజామున నాలుగున్నర. సికింద్రాబాద్‌లో ఒక ఇల్లు అనుకుందాం.

ఇంటి పెద్దాయనకు ఛాతీ మీద బరువు పెట్టినట్టుంది. ఒళ్లంతా చెమటలు. "రాత్రి బజ్జీలు తిన్నా కదా, గ్యాస్ పట్టేసినట్టుంది" అన్నారు. ఈనో కలుపుకొని తాగి పడుకున్నారు. వీధి చివర క్లినిక్ తెరిచేదాకా ఇంట్లోవాళ్లు ఆగారు. ఈసీజీ తీసేసరికి ఎనిమిదైంది.

ఇంకో ఇల్లు అనుకుందాం. అక్కడ అరవై దాటిన అమ్మకు రెండో అంతస్తు ఎక్కితే ఛాతీ పట్టేస్తుంది. కాసేపు కూర్చుంటే తగ్గిపోతుంది. ఆరు నెలలుగా ఇదే తీరు. యాంజియోగ్రామ్ చేయించారు. ఒక రక్తనాళంలో 70 శాతం పూడిక కనిపించింది. అమ్మ ఇంకా క్యాథ్ ల్యాబ్ బల్ల మీదే ఉంది. కొడుకును పిలిచి, "ఇప్పుడే స్టెంట్ వేసేద్దామా? త్వరగా చెప్పండి" అన్నారు. ఏం అడగాలో తెలియక సంతకం పెట్టేశాడు.

మొదటి ఇంట్లో మూడున్నర గంటలు ఆగారు. అక్కడ ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. రెండో ఇంట్లో పది నిమిషాల్లో తేల్చేశారు. అక్కడ ఆలోచించుకోవడానికి కొన్ని రోజుల సమయం ఉంది.

రెండు చోట్లా చేసేది ఒకే చికిత్స, బెలూన్ యాంజియోప్లాస్టీ. కానీ దానికి ఉన్న తొందర మాత్రం ఒకటి కాదు. ఈ తేడా తెలిస్తే ఒకచోట ప్రాణం, ఇంకోచోట డబ్బు దక్కొచ్చు. అసలు ఈ చికిత్స ఏంటి? సికింద్రాబాద్ వాసులు ఎక్కడికి వెళ్లాలి? ఖర్చెవరు భరిస్తారు? ఒక్కొక్కటిగా చూద్దాం.

యాంజియోప్లాస్టీ అంటే ఏంటి?

గుండె ఒళ్లంతటికీ రక్తం పంపుతుంది. గుండె కండరానికీ రక్తం కావాలి. దాన్ని అందించేవి కరోనరీ ధమనులు. వీటిలో ముఖ్యమైనవి మూడు. ఒక్కోటీ మూడు, నాలుగు మిల్లీమీటర్ల లావు మాత్రమే ఉంటుంది.

మన ఇళ్లలో "మూడు వాల్వులు మూసుకుపోయాయట" అనే మాట తరచూ వినిపిస్తుంది. నిజానికి వాల్వులు వేరు. అవి గుండె గదుల మధ్య ఉండే కవాటాలు. పూడుకుపోయేది రక్తనాళాలు. డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఈ తేడా గుర్తుంటే చాలా గందరగోళం తప్పుతుంది.

నాళం లోపలి గోడలో ఏళ్ల తరబడి కొవ్వు, కాల్షియం పేరుకుని దారి ఇరుకవుతుంది. పొగతాగడం, షుగర్, బీపీ, చెడు కొలెస్ట్రాల్ దీన్ని వేగవంతం చేస్తాయి. దారి బాగా ఇరుకైతే, నడిచినప్పుడు గుండెకు చాలినంత రక్తం అందక నొప్పి వస్తుంది. దీన్ని యాంజైనా అంటారు.

గుండెపోటు తీరు వేరు. నాళంలో పేరుకున్న కొవ్వు పొర ఒక్కసారిగా చిట్లుతుంది. దాని మీద రక్తం గడ్డకట్టి, నిమిషాల్లో దారి మొత్తం మూసేస్తుంది. అంతకుముందు అక్కడున్న పూడిక 40 శాతమే కావొచ్చు. అందుకే నిన్నటిదాకా బాగానే తిరిగిన మనిషి ఇవాళ కుప్పకూలడం చూస్తుంటాం.

యాంజియోప్లాస్టీలో ఛాతీ కోయరు. మణికట్టు దగ్గర, లేదా గజ్జల్లో, చర్మానికి మాత్రమే మత్తిస్తారు. రోగి మెలకువగానే ఉంటారు. అక్కడి ధమనిలోంచి సన్నని గొట్టాన్ని గుండె నాళం మొదటిదాకా పంపుతారు. ఎక్స్‌రేలో నాళం కనబడేలా రంగుమందు ఎక్కిస్తారు. పూడిక ఎక్కడుందో చూపించే ఈ పరీక్షే యాంజియోగ్రామ్.

తర్వాత 0.36 మిల్లీమీటర్ల సన్నని తీగను పూడిక దాటించి అవతలికి తీసుకెళ్తారు. ఆ తీగ మీదుగా, ముడుచుకుని ఉన్న బెలూన్‌ను జారుస్తారు. సరిగ్గా ఇరుకు దగ్గర దాన్ని కొన్ని సెకన్లపాటు ఉబ్బిస్తారు. అందులో నింపేది గాలి కాదు, రంగుమందు కలిపిన సెలైన్. ఒత్తిడి 8 నుంచి 16 అట్మాస్ఫియర్ల దాకా ఉంటుంది. కారు టైరులో ఉండేది సుమారు రెండే. ఆ ఒత్తిడికి పూడిక గోడకు అణిగి, దారి తెరుచుకుంటుంది.

ఆ దారి మళ్లీ మూసుకోకుండా లోపల నిలబెట్టే లోహపు జాలీ గొట్టమే స్టెంట్. ఇప్పుడు వాడేవాటిలో చాలావరకు మందు పూసినవి. నాళం లోపల కణజాలం మళ్లీ పెరగకుండా ఆ మందు అడ్డుకుంటుంది.

ఈ ఆలోచన ఎక్కడ మొదలైంది?

మొదట తెరిచింది గుండె నాళాన్ని కాదు, కాలి నాళాన్ని. 1964లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే డాక్టరు ఒక వృద్ధురాలి కాలి ధమనిలోకి గొట్టాలు పంపి రక్తప్రవాహాన్ని తిరిగి తెచ్చారు. కాలు తీసేయాల్సిన పరిస్థితి తప్పింది. ఇప్పటికీ షుగర్ రోగులకు కాలి నాళాలు పూడుకుపోతే ఇదే పద్ధతిలో తెరుస్తారు.

దాన్ని గుండెకు తెచ్చింది ఆండ్రియాస్ గ్రూంట్జిగ్. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో తన ఇంటి వంటగదిలోనే ఆయన బెలూన్ గొట్టాలు తయారు చేసుకునేవారు. 1977 సెప్టెంబరు 16న 38 ఏళ్ల రోగికి తొలి కరోనరీ యాంజియోప్లాస్టీ చేశారు. పదేళ్ల తర్వాత చూసినా ఆ నాళం తెరుచుకునే ఉంది.

అందరికీ అంత అదృష్టం దక్కలేదు. ఒట్టి బెలూన్‌తో తెరిచిన నాళాలు నూటికి 30, 40 మందిలో కొన్ని నెలల్లోనే మళ్లీ ఇరుకయ్యేవి. ఈ సమస్య కోసమే 1986లో స్టెంట్ వచ్చింది. 2000 దశకంలో మందు పూసిన స్టెంట్లు వచ్చాయి.

ఈ కథలో హైదరాబాద్‌కూ చోటుంది. విదేశీ స్టెంట్లు సామాన్యులకు అందని రోజుల్లో, 1990లలో, రక్షణ శాస్త్రవేత్త ఏపీజే అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణుడు బి.సోమరాజు కలిసి తక్కువ ధర స్టెంట్ రూపొందించారు. అదే కలాం-రాజు స్టెంట్. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ మెడికల్ డివైజెస్ పార్కులోనూ స్టెంట్ల తయారీ ఉంది.

ఎప్పుడు పరుగెత్తాలి?

నాళం పూర్తిగా మూసుకుపోయాక గుండె కండరం చనిపోవడం మొదలవుతుంది. చనిపోయిన భాగం మళ్లీ రాదు. గంట గడిచేకొద్దీ నష్టం పెరుగుతుంది.

ఈ లక్షణాలుంటే గ్యాస్ అనుకోవద్దు:

- ఛాతీ మధ్యలో బరువు, మంట, పిండేసినట్టు నొప్పి. విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోవడం
- ఎడమ చేయి, రెండు చేతులు, దవడ, మెడ, వీపులోకి నొప్పి పాకడం
- చల్లని చెమటలు, వాంతి, ఆయాసం, కళ్లు తిరగడం

షుగర్ ఉన్నవారు, పెద్ద వయసువారు, మహిళల్లో ఛాతీ నొప్పి అంతగా లేకుండానే గుండెపోటు రావొచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, విపరీతమైన నీరసం, పొట్ట పైభాగంలో నొప్పిగా బయటపడొచ్చు.

ఇలాంటప్పుడు వెంటనే 108కు ఫోన్ చేయండి. "ఛాతీ నొప్పి" అని మొదటి మాటలోనే చెప్పండి. రోగితో బండి నడిపించొద్దు. మెట్లు ఎక్కించొద్దు, దించొద్దు.

అలర్జీ, కడుపులో రక్తస్రావం లాంటి సమస్యలు లేకపోతే 300 మిల్లీగ్రాముల యాస్పిరిన్‌ను నమలమని డాక్టరు గానీ, 108 సిబ్బంది గానీ చెప్పొచ్చు. సార్బిట్రేట్ మాత్ర సొంతంగా నాలుక కింద పెట్టొద్దు. బీపీ పడిపోతే ఉన్న ప్రమాదం రెట్టింపవుతుంది. గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందని వాట్సాప్‌లో తిరిగే సలహాను పట్టించుకోవద్దు.

ఆసుపత్రికి చేరిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. నాళం పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటు అని తేలితే, ఆసుపత్రి గుమ్మం తొక్కినప్పటి నుంచి 90 నిమిషాల్లోపు నాళం తెరవాలన్నది ప్రపంచవ్యాప్తంగా పాటించే లక్ష్యం. వేరే ఆసుపత్రికి తరలించాల్సి వస్తే 120 నిమిషాలు.

అంతలోపు క్యాథ్ ల్యాబ్‌కు చేరలేమనుకుంటే గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. టెనెక్టెప్లేస్, స్ట్రెప్టోకైనేస్ ఇలాంటివే. ఇంజెక్షన్ ఇచ్చాక రోగిని పెద్దాసుపత్రికి పంపి, సాధారణంగా 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ చేస్తారు. తెలుగు రాష్ట్రాలు రెండూ ఇప్పుడు ఇదే పద్ధతిని ప్రభుత్వాసుపత్రుల్లోకి తెస్తున్నాయి. చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీస్తారు. పెద్దాసుపత్రి నిపుణుడు దాన్ని చూస్తారు. ఇంజెక్షన్ అక్కడే ఇస్తారు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఇలాంటి పరిస్థితి వస్తే "నేరుగా హైదరాబాద్ తీసుకొచ్చేయండి" అనకండి. ముందు దగ్గర్లోని ఏరియా ఆసుపత్రిలోనో, జిల్లా ఆసుపత్రిలోనో ఈసీజీ తీయించమనండి.

గుండెపోటు అని తేలాక సెకండ్ ఒపీనియన్ కోసం ఇంకో ఆసుపత్రికి మారడం, అమెరికాలో ఉన్న అబ్బాయి ఫోన్ ఎత్తేదాకా ఆగడం, డబ్బు పోగయ్యేదాకా సంతకం పెట్టకపోవడం - వీటిలో ఏది చేసినా కండరం చనిపోతూనే ఉంటుంది. ప్రాణాపాయంలో వచ్చిన రోగికి ముందు చికిత్స అందించాలని 1989లోనే సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో తేల్చి చెప్పింది.

సికింద్రాబాద్‌లో ఎక్కడికి వెళ్లాలి?

దగ్గర్లో ఉన్న ఆసుపత్రి అని కాకుండా, దగ్గర్లో ఉన్న క్యాథ్ ల్యాబ్ అని ఆలోచించండి. అది రాత్రీపగలూ పనిచేసేదై ఉండాలి. ఈ సంగతి నొప్పి వచ్చిన రోజు కాకుండా ఇవాళే ఫోన్ చేసి కనుక్కోవచ్చు.

ప్రభుత్వ రంగంలో దగ్గరిది ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రి. అక్కడ కార్డియాలజీ విభాగం, క్యాథ్ ల్యాబ్ ఉన్నాయి. జేబీఎస్-ఎంజీబీఎస్ మెట్రో మార్గంలో గాంధీ ఆసుపత్రి పేరుతోనే స్టేషన్ ఉంది. ఓపీకి, బంధువుల రాకపోకలకు అది సౌకర్యం. గుండెపోటు రోగిని మాత్రం మెట్రోలో తీసుకెళ్లొద్దు. అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా, పంజాగుట్టలోని నిమ్స్‌లోనూ ఈ సేవలున్నాయి.

ప్రైవేటులో మినిస్టర్ రోడ్, అలెగ్జాండర్ రోడ్ వైపు పెద్ద ఆసుపత్రులున్నాయి. బొల్లారం, అల్వాల్ వైపు ఉన్నవారికి పగటిపూట ప్యారడైజ్ దాటడానికే చాలా సమయం పడుతుంది. మీ ఇంటి నుంచి ఉదయం పదింటికి ఎంత సేపు పడుతుందో ఒకసారి మ్యాప్‌లో చూసి పెట్టుకోండి.

సికింద్రాబాద్ రైల్వే, కంటోన్మెంట్ ఊరు. ఇక్కడ చాలా ఇళ్లలో ఈ కార్డుల్లో ఏదో ఒకటి ఉంటుంది:

- రైల్వే ఉద్యోగులు, పెన్షనర్లు: లాలాగూడలోని దక్షిణ మధ్య రైల్వే సెంట్రల్ ఆసుపత్రి. అక్కడి నుంచి గుర్తింపు పొందిన ఆసుపత్రులకు పంపుతారు. ఉమీద్ కార్డు ఫోన్‌లో ఉంచుకోండి.
- మాజీ సైనికులు: ఈసీహెచ్‌ఎస్. అత్యవసరమైతే రెఫరల్ లేకుండానే ఎంపానెల్డ్ ఆసుపత్రికి వెళ్లొచ్చు. తర్వాత పాలీక్లినిక్‌కు సమాచారం చేరాలి.
- కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్లు: సీజీహెచ్‌ఎస్.
- ఈఎస్‌ఐ చందాదారులు: సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రి.

కార్డు ఏదైనా, మీకు దగ్గర్లోని ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ముందే ఒక కాగితం మీద రాసుకోండి.

ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా?

వర్తిస్తుంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ పథకంలో గుండె చికిత్సలు తొలినుంచీ ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి పరిమితిని రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెంచారు.

నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది. రేషన్ కార్డు, ఆధార్ అక్కడ చూపించాలి. ముందే అనుకుని చేసే యాంజియోప్లాస్టీకైతే ఈసీజీ, ఎకో, యాంజియోగ్రామ్ వివరాలను ఆసుపత్రి ట్రస్టుకు పంపి అనుమతి తీసుకుంటుంది. గుండెపోటు కేసుల్లో ఆ కాగితాల కోసం చికిత్స ఆగాల్సిన పని లేదు. ఫోన్‌లో అనుమతి తీసుకునే వీలుంది. "ఎమర్జెన్సీ అప్రూవల్ తీసుకోండి" అని మీరే అడగండి.

రెండు జాగ్రత్తలు. ఒకటి, ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉన్నా అన్ని విభాగాలూ ఉండకపోవచ్చు. "కార్డియాలజీకి ఆరోగ్యశ్రీ ఉందా?" అని విడిగా అడగాలి. రెండు, బకాయిల గొడవతో 2025 సెప్టెంబరులో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు కొన్ని రోజులు సేవలు ఆపేశాయి. కాబట్టి ముందే అనుకున్న చికిత్స అయితే 104కు ఫోన్ చేసి నిర్ధారించుకోండి.

70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి రూ.5 లక్షల వరకు వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చింది. దాన్ని కూడా ఆసుపత్రి అంగీకరిస్తుందో లేదో ముందే అడగాలి.

ఎప్పుడు ఆగి అడగాలి?

ఇప్పుడు రెండో ఇంటికి వద్దాం. నడిస్తే నొప్పి, ఆగితే తగ్గడం. నెలల తరబడి ఒకే తీరు. దీన్ని స్థిరమైన యాంజైనా అంటారు. ఇది గుండెపోటు కాదు. ఇక్కడ మొదటి చికిత్స మందులు, అలవాట్ల మార్పు.

ఇలాంటి రోగుల మీద పెద్ద పరిశోధనలు జరిగాయి. 2007లో వెలువడిన కరేజ్ అధ్యయనంలో 2,287 మంది, 2020లో వెలువడిన ఇస్కీమియా అధ్యయనంలో 5,179 మంది పాల్గొన్నారు. మంచి మందులు వాడుతున్నవారితో పోలిస్తే, మందులకు తోడు వెంటనే స్టెంట్ లేదా బైపాస్ కూడా చేయించుకున్నవారిలో మరణాలు, గుండెపోట్లు చెప్పుకోదగ్గంత తగ్గలేదని ఇస్కీమియా చూపింది. స్టెంట్ విషయంలో కరేజ్ చెప్పిందీ దాదాపు ఇదే.

అంటే స్టెంట్ వృథా అని కాదు. నొప్పి తరచూ వచ్చేవారికి దాంతో ఉపశమనం ఎక్కువని అదే ఇస్కీమియా అధ్యయనం చెప్పింది. మందులు వాడినా రోజువారీ పనులు చేసుకోలేకపోతుంటే స్టెంట్ మంచి దారే. కానీ "వేయించుకోకపోతే ఏ క్షణమైనా గుండె ఆగిపోతుంది" అన్న భయంతో అప్పటికప్పుడు తేల్చుకోవాల్సిన అవసరం చాలామందికి ఉండదు.

మినహాయింపులున్నాయి. ఎడమ ప్రధాన ధమనిలో పూడిక, గుండె పంపింగ్ బాగా తగ్గిపోవడం, కూర్చున్నా నొప్పి రావడం, నొప్పి తీరు కొద్ది రోజుల్లోనే మారిపోవడం లాంటివి ఉంటే ఆలస్యం మంచిది కాదు. ఆ అధ్యయనాలు ఇలాంటి తీవ్రమైన కేసులకు వర్తించవు.

"ఎంత పర్సెంట్ బ్లాక్?" అన్నది మన మొదటి ప్రశ్న. అదొక్కటే సరిపోదు. అది చాలావరకు కంటితో చూసి వేసే అంచనా. 60, 70 శాతం ఉన్నప్పుడు ఆ పూడిక నిజంగా రక్తాన్ని ఆపుతోందా అని కొలిచే పరీక్ష ఉంది. పేరు ఎఫ్‌ఎఫ్‌ఆర్. పూడికకు ముందు, తర్వాత ఒత్తిడిని తీగతోనే కొలుస్తారు. 0.80 కంటే ఎక్కువ వస్తే సాధారణంగా స్టెంట్ అవసరం లేదంటారు.

షుగర్ ఉండి, ఒకటి కంటే ఎక్కువ నాళాల్లో పూడికలుంటే బైపాస్ గురించి కూడా అడగాలి. 2012లో వచ్చిన ఫ్రీడం అధ్యయనంలో 1,900 మంది ఇలాంటి రోగులను పరిశీలిస్తే, స్టెంట్ల కంటే బైపాస్ చేయించుకున్నవారే ఎక్కువ కాలం బతికారు.

కాబట్టి ముందే అనుకుని యాంజియోగ్రామ్‌కు వెళ్తుంటే, బల్ల ఎక్కకముందే డాక్టరుతో ఒక మాట అనుకోండి: "ముందు యాంజియోగ్రామ్ మాత్రమే చేయండి. ఫలితం చూసి మాట్లాడుకుందాం." ఆ వీడియో కాపీ అడిగి తీసుకోండి. దాన్ని ఇంకో నిపుణుడికి చూపించుకోవచ్చు. ఒకేసారి చేయించుకుంటే రెండోసారి గొట్టం వేసే పని తప్పుతుందన్నది నిజమే. ఏది కావాలో ముందే తెలిసి ఎంచుకోవాలి.

బిల్లులో ఏం చూడాలి?

ఒకప్పుడు మందు పూసిన స్టెంట్ ఎంఆర్‌పీ సగటున రూ.1.21 లక్షలు ఉండేది. ఢిల్లీ హైకోర్టులో న్యాయవాది బీరేందర్ సాంగ్వాన్ వేసిన పిటిషన్ తర్వాత, 2016లో కేంద్రం స్టెంట్లను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. 2017 ఫిబ్రవరి 13న జాతీయ ఔషధ ధరల సంస్థ ఎన్‌పీపీఏ గరిష్ఠ ధర ప్రకటించింది. మందు పూసినదానికి రూ.29,600, ఒట్టి లోహపు స్టెంట్‌కు రూ.7,260.

టోకు ధరల సూచీని బట్టి ఈ పరిమితిని సవరిస్తుంటారు. 2025 ఏప్రిల్‌లో అది మందు పూసిన స్టెంట్‌కు రూ.38,933, లోహపు స్టెంట్‌కు రూ.10,693 చొప్పున ఉండేది. జీఎస్టీ అదనం. దేశీయమైనా, దిగుమతి చేసుకున్నదైనా ఇదే పరిమితి. "ఇంపోర్టెడ్ కాబట్టి లక్ష" అంటే ఒప్పుకోనక్కర్లేదు.

బిల్లులో స్టెంట్ ధరను విడిగా చూపాలి. బ్రాండు, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు ఉండాలి. ఇది ఎన్‌పీపీఏ ఆదేశం. ఎక్కువ తీసుకున్నారనిపిస్తే ఎన్‌పీపీఏ హెల్ప్‌లైన్ 1800 111 255కు ఫిర్యాదు చేయొచ్చు.

అయితే గరిష్ఠ ధర ఉన్నది స్టెంట్‌కే. బెలూన్, తీగ, గొట్టాలకు అలాంటి పరిమితి లేదు. వాటి ఎంఆర్‌పీని ఏడాదిలో 10 శాతానికి మించి పెంచకూడదన్న నిబంధన మాత్రమే ఉంది. క్యాథ్ ల్యాబ్, డాక్టరు, గది ఛార్జీలు ఆసుపత్రి ఇష్టం. అందుకే స్టెంట్ ధర ఒకటే అయినా మొత్తం బిల్లు ఆసుపత్రిని బట్టి మారిపోతుంది. ప్యాకేజీ చెబితే అందులో ఎన్ని స్టెంట్లు, ఎన్ని బెలూన్లు, ఎన్ని రోజుల గది ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి.

ఇంటికొచ్చాక?

మణికట్టు నుంచి చేస్తే, ఇబ్బందులేమీ లేకపోతే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు. గుండెపోటు వచ్చినవారిని ఇంకొన్ని రోజులు ఉంచొచ్చు.

అతి ముఖ్యమైన విషయం మందులు. కొత్త స్టెంట్ మీద రక్తం గడ్డకట్టకుండా రెండు మాత్రలిస్తారు. ఒకటి యాస్పిరిన్. రెండోది క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్ లాంటిది. ముందే అనుకుని వేసిన స్టెంట్‌కు సాధారణంగా ఆరు నెలలు, గుండెపోటు తర్వాత ఏడాది రెండూ వాడమంటారు. రక్తస్రావం ముప్పు ఉంటే డాక్టరు ఈ గడువు మారుస్తారు. ఆ తర్వాత ఒకటి కొనసాగుతుంది.

"ఇప్పుడు బాగానే ఉంది కదా" అని మధ్యలో ఆపేస్తే స్టెంట్ ఉన్నట్టుండి మూసుకుపోవచ్చు. పన్ను పీకాలని డెంటిస్టు ఆపమన్నా, ముందు గుండె డాక్టరును అడగండి. ఈ మందుల జనరిక్‌లు జన ఔషధి కేంద్రాల్లో తక్కువ ధరకు దొరుకుతాయి. ఖర్చు వల్ల ఆపాల్సి వస్తోందంటే ఆ మాట డాక్టరుకు చెప్పడంలో మొహమాటం వద్దు.

స్టెంట్ తెరిచేది ఒక్క ఇరుకునే. మిగతా నాళాల్లో కొవ్వు పేరుకోవడం దాంతో ఆగదు. ఆ పని స్టాటిన్ మాత్రది, నడకది, సిగరెట్ మానేయడానిది, షుగర్, బీపీ అదుపుది.

అడగాల్సిన ప్రశ్నలు

ముందే అనుకున్న చికిత్స అయితే వీటిని ఫోన్‌లో సేవ్ చేసుకుని వెళ్లండి:

1. నాకిది గుండెపోటా, స్థిరమైన యాంజైనానా? ఎన్ని రోజుల సమయం ఉంది?
2. మందులతోనే ఎందుకు చూడకూడదు?
3. స్టెంట్ వల్ల నాకు తగ్గేది నొప్పా, ప్రాణాపాయమా?
4. పూడిక రక్తాన్ని ఆపుతోందని పరీక్షలో తేలిందా?
5. బైపాస్ నాకు మేలా?
6. నా కిడ్నీలు రంగుమందును తట్టుకుంటాయా? క్రియాటినిన్ ఎంత?
7. మొత్తం ఖర్చెంత? నా కార్డు చెల్లుతుందా?

ఛాతీ మీద బరువు, చెమటలు, తగ్గని నొప్పి ఉన్నప్పుడు మాత్రం ఈ జాబితా పక్కన పెట్టేయండి. అప్పుడు చేయాల్సింది 108కు ఫోన్ చేయడమే.